బండి కింద ఎరుపు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ డైరీ మా బామ్మర్ది శేఖర్ ఇచ్చాడు. కీసర దగ్గర అతను భాగస్వామిగా ఉన్న ప్లాట్ల కంపెనీది. ప్రతి పేజీ కింద "మీ కలల స్థలం మా వెంచర్‌లోనే" అని అచ్చేశారు. నెల రోజులుగా లారీలో అద్దం దగ్గర పడి ఎండుతోంది. ఈ రోజు తీశాను. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటి వచ్చి పడింది మరి.

కుడి భుజం పోయింది.

పోయింది అంటే ఊడిపోలేదు. మేడ్చల్ మిల్లులో కోళ్ళ దాణా ఎత్తుకుని శామీర్‌పేట వైపు షెడ్లకు పోతుంటే, మలుపు వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ బిగుసుకుపోతోంది. మొదటి ఇరవై ఏళ్ళు నేను నడిపింది పాత లారీ. దానికి పవర్ స్టీరింగ్ లేదు, మలుపు తిప్పితే పొద్దున తిన్నది అరిగిపోయేది. ఈ బండి కొని తొమ్మిదేళ్ళు. ఒక్క వేలితో తిరిగేది. ఇప్పుడు రెండు చేతులూ వేసి బతిమాలుకుంటున్నాను. వయసు యాభై ఏడు. చెయ్యి మెత్తబడింది, అంతే.

బండిని అనుమానించవచ్చు గదా అని ఒకసారి అనిపించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. తొమ్మిదేళ్ళలో ఈ బండి నన్ను ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. దాన్ని అననుగాక అనను.

మా ఆవిడ జయమ్మకు తెలియకూడదు. తెలిస్తే తమ్ముడికి ఫోను చేస్తుంది. శేఖర్ ఏడాదిగా ఒకటే పాట. "బావా, ఇంకెన్ని దినాలు గా స్టీరింగు పట్టుకొని ఊగుతవ్? వెంచర్ కాడ ఆఫీసున్నది, కూలరున్నది. కుర్సీల కూసో, వచ్చినోళ్లకు ప్లాట్లు సూపెట్టు, చాయ్ తాగు. గంతే." ఆ కుర్చీని నేను చూశాను. చక్రాల కుర్చీ. కూర్చున్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, ఎక్కడికీ పోదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ రోజు నొప్పి లేదు. అంటే ఉంది, కానీ అంత లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

జయమ్మ బండికి దిష్టి తీసింది. ప్రతి ఆదివారం, మంగళవారం తీస్తుంది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో పోసి, బండి ముందు మూడుసార్లు తిప్పి, కుడివైపు ముందు చక్రం కింద కుమ్మరిస్తుంది. నేను కూర్చునేది కుడివైపు గనక ఆ చక్రానికే. తొమ్మిదేళ్ళుగా మా రావల్‌కోల్ ఇంటి వాకిట్లో ఆ ఒక్కచోట మట్టి ఎర్రగానే ఉంటుంది.

"ఊరోళ్ల కండ్లు, పాలోళ్ల కండ్లు, మా తమ్ముని కండ్లు గూడ" అంటూ తిప్పింది. దాయాదులతో పాటు తమ్ముడిని కూడా వదలకపోవడం నాకు నచ్చింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

కొత్త రోగం. మలుపులో మూలుగు వినిపిస్తోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు 'ఊఁ...' అని సన్నగా, బాధగా. చుట్టూ చూశాను, బండిలో నేను తప్ప ఎవరూ లేరు. అంటే మూలిగింది నేనే. మనిషి తనకు తెలియకుండా మూలిగే దాకా వచ్చాడంటే ఆలోచించుకోవాల్సిందే.

తర్వాతి మలుపులో నోరు గట్టిగా మూసుకుని తిప్పాను. అప్పుడూ వినిపించింది. ముక్కుతో మూలుగుతున్నానేమో.

ఫిబ్రవరి 13, గురువారం

శామీర్‌పేట దగ్గర నారాయణ కోళ్ళ షెడ్డులో దాణా దింపాను. నారాయణ ఎనిమిది వేల కోళ్ళకు యజమాని, నాకు ఇరవై ఏళ్ళ దోస్తు. కోళ్ళ మధ్య బతికీ బతికీ మనిషి కూడా తల అటూ ఇటూ తిప్పి నేలనే చూస్తుంటాడు. ఏదీ అతని కంట పడకుండా పోదు.

"నర్సిమ్మన్నా, నీ బండి కింద ఎర్రగున్నదేంది?"

"మీ వదినె పోసిన దిష్టినీళ్లు. టైరుకు అంటుకొని వచ్చి ఉంటయి."

"రావల్కోల్ల పోస్తే గీడిదాంక వస్తయా?"

"మీ వదినె పోస్తే యాడిదాంకనైన వస్తయి."

ఇద్దరం నవ్వుకున్నాం. బస్తాలు దింపే మనిషి ఒకతను ఈ రోజు రాలేదు. సాయం చేస్తానని చెప్పి పది బస్తాలు నేనే మోశాను. భుజానికి కసరత్తు అవుతుందని. యాభై కిలోల బస్తా సులువుగానే లేచింది. అదే విచిత్రం. బస్తా లేస్తుంది, స్టీరింగ్ తిరగదు. దీన్నిబట్టి ఇది లోపలి నరానికి సంబంధించిన రోగమని తేల్చుకున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

మేడ్చల్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. జయమ్మకు మిల్లులో ఆలస్యమైందని చెప్పాను. డాక్టరు చిన్నవాడు. చేతులు పైకెత్తమన్నాడు, వెనక్కి తిప్పమన్నాడు, తన చేతిని నెట్టమన్నాడు. నెట్టాను. కుర్చీతో సహా అల్మారా దాకా పోయాడు.

"మీ భుజానికి ఏమీ లేదండీ. బరువులేమైనా ఎత్తుతారా?"

"లేదు సార్. స్టీరింగ్ తిప్పుడే."

"పవర్ స్టీరింగే కదా?"

"అవును సార్."

"మరి దానికి బలం ఎందుకండీ?" అన్నాడు.

నేనూ అదే అన్నాను, అందుకే వచ్చానని. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి పూయడానికి మందు రాసిచ్చాడు. మంచివాడే కానీ అనుభవం చాలదు. రోగం ముందే కూర్చుని ఉన్నా కనిపెట్టలేకపోయాడు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నారాయణ షెడ్డు గేటు స్తంభానికి బండి రాసుకుంది. పెద్దగా ఏమీ కాలేదు. సున్నం రాలింది, బండి మూలన గీత పడింది. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని దూరిన గేటు.

నారాయణ నవ్వి ఊరుకుంటే బాగుండేది. నేను ఇల్లు చేరేలోపు ఫోను చేసి జయమ్మకు చెప్పేశాడు. దోస్తులు ఇందుకే ఉంటారు.

"నిద్రపోయినవా?" అంది జయమ్మ.

"లేదు."

"మరి?"

"గేటు సన్నగైంది."

"గేటు సన్నగైందా!" అని నా వంక చూసిన చూపుకు నాకే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పెద్ద మాట విసిరాను. "ఇంకొక్కసారి యాడన్న తాకితే తాళాలు నీ చేతిల పెడ్త. శేఖర్ కుర్సీల పోయి కూసుంట. సరేనా?"

"సరే" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మాట ఇచ్చేశాను. ఈ బండి లేకపోతే నేను పొద్దున లేచి ఏం చేస్తాను? ప్లాట్లలో రాళ్ళు లెక్కపెట్టాలా?

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. కీసర జాతర అని ఆ దారిన పోలేదు. వారం నుంచి మరీ ఇరుకు సందుల్లోని షెడ్లకు కూడా పోవడం లేదు. చుట్టుదారే అయినా పెద్దరోడ్డు పట్టుకుని పోతున్నాను. గాలి బాగా వస్తుందని. గాలి కోసమే.

మార్చి 1, శనివారం

కండ్లకోయ దగ్గర మలుపులో కాలేజీ బస్సు ఎదురొచ్చింది. బస్సు డ్రైవరు చూసుకోలేదు. నేను తిప్పుతూనే ఉన్నాను, బండి నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. బ్రేకు తొక్కాను. ఆగింది. మధ్యలో జానెడు జాగా. బస్సు కిటికీల్లో పిల్లలు, చెవుల్లో తీగలు పెట్టుకుని. కొందరు తల కూడా ఎత్తలేదు.

తప్పు ఆ డ్రైవరుదే.

అతనిదే.

మార్చి 5, బుధవారం

మా ఇంటి గేటు. అవును, మా ఇంటిదే. లోపలికి తిప్పుతుంటే ఎడమ తలుపు వంగిపోయి గోడకు ఆనుకుంది. జయమ్మ వాకిట్లోనే ఉంది. బియ్యం చేట కింద పెట్టి లేచి నిలబడింది.

దిగి వచ్చి తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

"ఏందయ్యా, నిజంగనేనా?" అంది.

"మాటంటే మాటే" అన్నాను. గొప్పగానే అన్నాను. తర్వాత పెరట్లోకి పోయి కాళ్ళు చాలాసేపు కడుక్కున్నాను.

సాయంత్రానికల్లా శేఖర్ ఫోను. పదిహేడో తేదీన బండి కొనేవాళ్ళను తీసుకొస్తాడట. "బావా, ఇగ నువ్వు రాజా!" అన్నాడు. మంచివాడే. మనసులో కల్లాకపటం లేదు. అందుకే తిట్టలేకపోతున్నాను.

మార్చి 6, గురువారం

పాలోళ్ళ బాలమల్లు తాత, మా దాయాదుల్లో పెద్దాయన, పోయాడు. తొంభై నాలుగేళ్ళు. రాత్రి బోటికూరతో రెండు రొట్టెలు తిని, బాగుందని చెప్పి, పడుకుని లేవలేదు. ఏడవడానికి పోయినవాళ్ళందరూ ఆ కూర ఎవరు వండారని అడిగి వచ్చారు.

పదకొండు దినాలు మాకు ముట్టుడు, అంటే చావు మైల. దేవుడికి దీపం లేదు, పూజ లేదు. బండికి దిష్టి కూడా లేదు. ఎలాగూ అమ్ముతున్న బండి.

మార్చి 8, శనివారం

బ్యాటరీ దిగిపోతుందని చెప్పి పొద్దున్నే తాళం అడుక్కుని పది నిమిషాలు ఇంజను నడుపుతున్నాను. ఉత్తగా కూర్చోవడమెందుకని నిలబడ్డ బండిలోనే స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతున్నాను. ఇరవైసార్లు. భుజానికి బలం వస్తే జయమ్మకు చూపించి మాట వెనక్కి తీసుకోవచ్చు.

మార్చి 10, సోమవారం

ఇరవై ఐదుసార్లు. తేడా లేదు. పైగా ఇంకా బరువైంది. మూలుగు కూడా పెరిగింది.

మార్చి 14, శుక్రవారం

హోలీ. ఊరంతా రంగులు, మా ఇంట్లో మాత్రం ముట్టుడు. ఈ రోజు సంగతి మొత్తం రాయాలి.

పొద్దున బండిలో కూర్చుని పళ్ళు బిగించి తిప్పుతున్నాను. పద్దెనిమిదోసారి. కింద జయమ్మ నిలబడి ఉంది, చేతిలో చీపురు. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

"ఏం జేస్తున్నవ్?"

"బ్యాటరీ."

"బ్యాటరీకి గట్ల కుస్తీ పట్టాల్నా?"

చెమట కారిపోతోంది. దొరికిపోయిన దొంగకు అబద్ధం కూడా దొరకదు. "భుజానికి కసరత్తు" అనేశాను.

"ఏ భుజం? భుజానికేమైంది?"

నేను నోరు తెరిచేలోపే ఆమె చూపు కిందికి పోయింది. కుడి చక్రం దగ్గర మట్టి ఎర్రగా ఉంది. తడిగా ఉంది. చీపురు పక్కన పెట్టి వంగింది.

"గిదేంది?"

"దిష్టినీళ్లు" అన్నాను, అలవాటు కొద్దీ.

"ముట్టుడు వచ్చి తొమ్మిది దినాలాయె. నేను నీళ్లు యాడ పోసిన?"

అది నిజమే. నా బుర్ర ఇంకో దారి వెతికింది. "హోలీ రంగేమో. పోరలు చల్లిపోయిండ్రేమో."

"చావుముట్టుడున్న ఇంట్లకొచ్చి రంగు చల్లే మొనగాడెవడు? రోజు ఊడుస్తున్న. రోజు మల్ల వస్తాంది. బాలమల్లు తాత పోయిన దుఃఖం మీద మనసువెట్టలే గని..." అని వేలితో ముట్టుకుంది. రెండు వేళ్ళు రాసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "నీళ్లు గాదు. జిడ్డు. నూనె."

నేను దిగి కూర్చుని చూశాను. ఎర్రటి నూనె. బండి పొట్ట కింద నుంచి బొట్టు జారి, ఆగి, ఇంకో బొట్టు జారింది. నలభై రోజులు బండి ఏడుస్తుంటే నేను నా భుజానికి మందు రాసుకున్నాను. తొమ్మిదేళ్ళు ఎర్రగా ఉన్న చోట ఎరుపును ఎవడు చూస్తాడు?

పొద్దున్నే ఇంజనాయిలు చూస్తాను, నీళ్ళు చూస్తాను, టైర్లు తన్ని చూస్తాను. క్యాబిన్ కింద మూలన స్టీరింగ్ నూనె డబ్బా ఒకటి ఉంటుంది. దాని మూత చివరిసారి ఎప్పుడు తీశానో దేవుడికే తెలియాలి. ఈ రోజు తీశాను. అడుగున గుక్కెడు నూనె, దాని మీద నురగ.

జయమ్మ అప్పటికే ఫోను తీసింది. తమ్ముడికేమో అనుకున్నాను. కాదు, మేడ్చల్‌లో మెకానిక్ ఓదెలుకు.

మార్చి 15, శనివారం

ఓదెలు వచ్చాడు. ముట్టుడు ఇంట్లో నీళ్ళు కూడా తాగనని ముందే చెప్పి, జయమ్మ ఇచ్చిన చాయ్ రెండుసార్లు తాగాడు. చాయ్ నీళ్ళు కాదట.

బండెక్కి ఇంజను స్టార్ట్ చేసి స్టీరింగ్ పట్టుకున్నాడు. తిప్పబోయాడు. ఆగాడు. రెండో చెయ్యి వేశాడు. లేచి నిలబడి తిప్పాడు. బండి 'ఊఁ...' అని మూలిగింది.

"గా మూలుగు నీక్కూడ వినిపిస్తాందా?" అన్నాను.

"ఎందుకినిపియ్యదన్నా? పంపు అరుస్తాంది. నూనె లేక గాలి మింగుతాంది పాపం."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అది నా గొంతు కాదు!

ఓదెలు దిగివచ్చి నన్ను కిందా మీదా చూశాడు. "అన్నా, గీ బండిని నువ్వు నిజంగ రోడ్డు మీద నడిపినవా? దాణా లోడుతోని? నూనె ఒత్తిడి ఉంటేనే చేతికి ఆసరా. అది పోతే బండ బరువు. నేను ముప్పై ఐదేండ్లోన్ని, రెండు మలుపులు తిప్పితే మూడోదానికి దండం పెడ్త. నువ్వు నెల దినాలు తిప్పినవా?"

"తిప్పిన" అన్నాను. జయమ్మ వింటోందో లేదో అని పక్కకు చూశాను. వింటోంది. కానీ ముఖంలో నేను అనుకున్న మెరుపు లేదు.

కారుతోందని తెలిసింది కానీ ఎక్కడ నుంచో తెలియలేదు. నూనె ఒకచోట పుట్టి, ఇనుము వెంట పాకి, ఇంకోచోట బొట్టుగా పడుతుందట. నూనె బొట్టును నమ్మొద్దు, దాని పుట్టిల్లు వెతకాలి అన్నాడు ఓదెలు. కింద దూరి డీజిలు గుడ్డతో పైపులు, పంపు, స్టీరింగ్ గేర్‌బాక్సు అన్నీ అద్దంలా తుడిచాడు. ఆరబెట్టాడు. డబ్బాలో కొత్త నూనె పోశాడు.

"వదినె, మొఖానికి రాసుకునే పౌడరున్నదా?"

"నీకెందుకురా గిప్పుడు సోకు?"

"నాకు గాదు, బండికి."

ఆమె పౌడరు డబ్బా తెచ్చింది. ఓదెలు పైపులన్నిటి మీద పౌడరు చల్లాడు. కిందంతా తెల్లబడింది. "అన్నా, ఇగ తిప్పు. ఆ చివరకు, గీ చివరకు. మెల్లగ."

తిప్పాను. కొత్త నూనె పడగానే చేతికి కొంచెం ప్రాణం వచ్చింది. నాలుగోసారికి కింద నుంచి "ఆపు!" అని కేక.

నేనూ దిగి పడుకుని పాకాను. జయమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఇటు పక్క నుంచి వంగింది. తెల్లటి పౌడరు మీద ఒకేచోట, పంపు నుంచి వచ్చే లావు పైపు మీద, ఎర్రగా తడి పుట్టి పాకుతోంది. ఆ చోటే ఇనుపతీగ కొస ఒకటి పైపును ఒరుసుకుంటోంది. బండి కదిలినప్పుడల్లా రాసీ రాసీ రబ్బరును తినేసింది. ఓదెలు తీగ పట్టుకుని లాగాడు. బంపరుకు వేలాడే నల్లటి దిష్టిబొమ్మ కూడా లేచి నాలుక చూపించింది.

"గీ తీగతోని గీ బొమ్మను ఎవలు కట్టిండ్రు?"

నేను జయమ్మ వైపు చూశాను. జయమ్మ నా వైపు చూసింది. "యాదికి లేదు" అన్నాను.

నాకు బాగా గుర్తుంది. దసరాకు నేనే కట్టాను. దారం తెగిపోతోందని కట్టుడు తీగ చుట్టి, మిగిలిన కొసను లోపలికి వంచాను. ఊరి దిష్టి తగలకూడదని కట్టిన బొమ్మే తగిలింది.

పైపు మార్చాల్సిందేనట. రేపు పదకొండో దినం, పైగా ఆదివారం, దుకాణాలు కూడా బంద్. సోమవారం పొద్దున తెస్తానని పోయాడు. సోమవారమే శేఖర్ వచ్చేది.

మార్చి 16, ఆదివారం

దినాలు అయిపోయాయి. అందరూ స్నానాలు చేశారు. తాతకు బోటికూరే పెట్టారు. జయమ్మ నాతో మాట్లాడటం లేదు.

మార్చి 17, సోమవారం

ఓదెలు ఎనిమిదింటికల్లా కొత్త పైపుతో దిగాడు. పాతది విప్పి కొత్తది బిగించాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను ఆపి, స్టీరింగ్ తిప్పుతూ ఉండమన్నాడు. డబ్బాలో బుడగలు పైకి వచ్చాయి. నూనె పోశాడు, తిప్పాను. పోశాడు, తిప్పాను. బుడగలు ఆగాక ఇంజను స్టార్ట్ చేయమన్నాడు.

చూపుడు వేలు ఒక్కటి పెట్టాను. తిరిగింది. పూర్తిగా తిరిగింది. మూలుగు లేదు. నాకు యాభై ఏడేళ్ళు కావు, ఇరవై ఏడు. గట్టిగా అరిచాను, ఏమని అరిచానో తెలియదు. గోడ అవతల బర్రె ఉలిక్కిపడింది.

"వదినె, ఇగనుంచి ఎర్రనీళ్లు గేటు బయట పొయ్యి. బండి కింద మాత్రం పొయ్యకు" అని చెప్పి ఓదెలు చేతులు కడుక్కున్నాడు.

పన్నెండింటికి శేఖర్ కారు వచ్చింది. కొనేవాళ్ళు ఇద్దరు. నేను బండెక్కి కూర్చున్నాను, దిగనని మొండికేద్దామని. ఆ అవసరం రాలేదు. జయమ్మే గేటు దగ్గర వాళ్ళను ఆపేసింది. "తమ్మీ, బండి అమ్ముతలేం. వచ్చినందుకు బువ్వ తినిపొండ్రి."

"అక్కా, గదేంది, బావ మాటిచ్చిండు గదా?"

"తప్పు బండి పైపుది. మీ బావది గాదు."

శేఖర్ బండెక్కి స్టీరింగ్ తిప్పి చూసి, తాళం అక్క చేతిలో పెట్టి, "అరె, నా కారు కన్న అల్కగున్నది!" అన్నాడు. కొనేవాళ్ళు పప్పు, మామిడికాయ తొక్కుతో తిని, బాగుందని చెప్పి పోయారు.

వాళ్ళు పోయాక చెయ్యి చాపాను. "తాళాలియ్యి. మిల్లుల లోడున్నది."

ఆమె తాళం రొంటిన దోపుకుంది. "బండి బాగైంది. నువ్వే బాగు కాలే."

"నాకేమైంది? భుజం మంచిగనే ఉన్నది. ఓదెలు చెప్పిండు గదా?"

"గదే. నెలమీద పది దినాలు చెయ్యి గుంజుతాందనుకున్నవ్. పక్కల పండుకున్న నాకు చెప్పలే. ఓదెలు ముందట తెలిసింది నాకు" అని లోపలికి పోయింది.

మార్చి 18, మంగళవారం

అన్నం పెట్టింది, ఉప్పు వేయలేదు. అడగకుండా తిన్నాను.

ఇన్ని రోజుల పేజీలు తిరగేసి చదువుకున్నాను. గేటు సన్నగైందట. గాలి కోసం చుట్టూ తిరిగానట. ఎవడు రాశాడు ఇదంతా? మార్చి 1 పేజీ రెండుసార్లు చదివాను. తప్పు ఆ డ్రైవరుది కాదు. అతను తన పక్కనే తాను వస్తున్నాడు. నేనే అడ్డం పోయాను.

మార్చి 19, బుధవారం

సాయంత్రం జయమ్మ పచ్చిమిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. పోయి ఎదురుగా కూర్చున్నాను. నేనూ నాలుగు తీశాను.

"దిష్టిబొమ్మకు తీగ నేనే కట్టిన."

"ఎర్కే. నా తొక్కు జాడీ మూతికి చుట్టిన తీగ అది."

"డాక్టరు దగ్గరకు పోయిన. నీకు మిల్లు అని చెప్పిన."

"మందు వాసన వచ్చింది. మిల్లుల మందు పూస్తరా?"

ఇక మిగిలింది ఒక్కటే. "కండ్లకోయ కాడ కాలేజీ బస్సుకు ఎదురు పోయిన. జానెడుల ఆగింది. నిండ పిల్లలున్నరు."

ఆమె చేతిలో మిరపకాయ ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. కొంగుతో మూతి తుడుచుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"గప్పుడన్న ఎందుకు చెప్పలే?" అంది చివరికి.

నిజం చెప్పాను. కుర్చీకి భయపడలేదని చెప్పాను. బండి పోతుందని భయం ఉంది, కానీ అసలు భయం అది కూడా కాదు. ఈమె దృష్టిలో నేను ముసలివాణ్ణి అయిపోతానని. ముప్పై ఏళ్ళుగా నేను గేటులోకి బండి తిప్పుతుంటే చేటలో బియ్యం వదిలి తలెత్తి చూస్తుంది. ఆ చూపు పోతుందేమోనని. ఇంత మాట నేను నా జన్మలో ఎవరితోనూ అనలేదు. చెప్తుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిరపకాయలు ముట్టిన చేత్తో తుడుచుకున్నాను, ఇంకా వచ్చాయి.

జయమ్మ మొదట కంగారుపడింది, తర్వాత నవ్వింది. నవ్వుతూనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముఖం కడిగింది.

"నువ్వు ముసలోనివైతున్నవని నాకు పదేండ్ల సంది ఎర్కనే. నీకే ఎవలు చెప్పలే" అని రొంటి నుంచి తాళాలు తీసి నా ఒళ్ళో పడేసింది.

మార్చి 20, గురువారం

పొద్దున్నే లోడు. శామీర్‌పేట చెరువు పక్కన గాలి, ఎండ, ఖాళీ రోడ్డు. నారాయణ గేటులోకి ఒక్క చేత్తో వెనక్కి దూర్చాను. నారాయణ కోడిలా తల వంచి బండి కింద చూశాడు. "గిప్పుడు ఎర్రగ లేదు" అన్నాడు. అతను ఫిబ్రవరిలోనే అడిగిన మాట గుర్తొచ్చి దండం పెట్టాను. ఎందుకో అర్థంకాక తనూ పెట్టాడు.

కండ్లకోయ మలుపులో కాలేజీ బస్సు వస్తుంటే బండి పూర్తిగా పక్కకు తీసి ఆపాను. డ్రైవరు చెయ్యి ఊపాడు. అతనో కాదో తెలియదు. నేనూ ఊపాను.

మార్చి 25, మంగళవారం

ఎడమ మోకాలు నొప్పి. ఇక్కడ రాయకముందే జయమ్మకు చెప్పాను.